పాత మోటారు సైకిలు - ఇంటి పనిముట్లు

పాత ఇల్లు కొనువాడు గోడలు తట్టి చూచును; దూలములకు చెద పట్టినదేమో పరికించును; బావిలో చేద వేసి నీరెంత యున్నదో తెలిసికొనును. ఎడ్లను కొనువాడు పండ్లు చూచి, కొంతదూరము నడిపించి చూచును. పాత మోటారు సైకిలు కొనువాడు మాత్రము ఒక్కసారి ఇంజను మ్రోగించి, ఆ మ్రోత చెవికి ఇంపుగా నున్నదని సంతోషించి, సొమ్ము చెల్లించి, బండిని ఇంటికి తెచ్చుకొనును. దానిని సాకుటకు కొన్ని పనిముట్లు కూడ కావలసి యుండునను ఆలోచన అతనికి ఆ దినమున రాదు. ఏదో ఒక సాయంకాలమున, ఊరికి నాలుగు మైళ్ళ దూరమున, బండి ఆగిపోయినప్పుడు వచ్చును.

నేనును అట్టివారిలో ఒకడనే. కావున ఈ ప్రసంగము పండితుడు పామరునకు చేయు బోధ కాదు. తప్పులు చేసి నేర్చుకొన్న ఒక గృహస్థుడు తోటి గృహస్థులతో చెప్పుకొను మాటలు. ఇంజను విప్పి మరల కూర్చు విద్యను గూర్చి నేను చెప్పబోవుట లేదు. ఆదివారము ఉదయము, పెరటిలో నీడపట్టున, రెండు గంటల కాలములో మనము స్వయముగా చేసికొనదగిన పనులు ఏవి, వానికి ఏయే పనిముట్లు చాలును, ఏవి లేకున్నను గడచును, ఏవి చేతనుండుట వలన మేలుకంటె కీడు హెచ్చుగా కలుగును అను విషయములు మాత్రమే మనవి చేయుదును.

1997లో నేనొక పాత బుల్లెట్టు కొంటిని. 350 తరగతికి చెందినది. మా పాఠశాలలో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి దానిని పదునాలుగేండ్లు నడిపి, కిక్కు కొట్టుటకు మోకాళ్ళు సహకరింపకపోవుటచే నాకు ఇచ్చివేసెను. ప్రక్కపెట్టె తెరచి చూడగా అందులో చమురు మరకల గుడ్డ ఒకటి, వంగిన స్క్రూడ్రైవరు ఒకటి, నోరు పెద్దది చిన్నది చేయుటకు వీలైన స్క్రూ స్పానరు ఒకటి ఉండెను. అన్ని కొలతలకును సరిపోవు పనిముట్టు దొరికినదని నేను మురిసిపోతిని. ఆ వారమే ఇంజను నూనె మార్చవలెనని సంకల్పించి, ఆ స్క్రూ స్పానరుతో అడుగుననున్న బిరడా బోల్టును తిప్పితిని. స్పానరు తిరిగెను గాని బోల్టు తిరుగలేదు. రెండవసారి బలము పెట్టితిని. మూడవసారి చూచునప్పటికి ఆరు మూలలుండవలసిన బోల్టు తల రూపాయి బిళ్ళవలె గుండ్రనై యున్నది.

మా వీధి చివర చింతచెట్టు క్రింద పనిచేయు మేస్త్రి కడకు బండిని నెట్టుకొని పోయితిని. ఆయన ఆకురాయితో బోల్టు ప్రక్కలను కొంచెము రుద్ది, ఒక చిన్న కొలత రింగు పానాను సుత్తితో దానిపై దిగగొట్టి, ఒక్క లాగున విప్పి ఇచ్చెను. పిమ్మట నా స్క్రూ స్పానరును చేతిలోనికి తీసికొని ఇటునటు త్రిప్పి చూచి, "మాస్టారూ, తప్పు మీది కాదు, దీనిది. దీన్ని ఇంట్లో కుళాయి గొట్టాలకి ఉంచుకోండి. బండి దగ్గరికి మాత్రం తేకండి" అనెను. ఆ ఒక్క మాటలో పనిముట్ల శాస్త్రమంతయు ఇమిడి యున్నదని నాకు తెలియుటకు చాలకాలము పట్టినది.

నట్టునకు ఆరు ప్రక్కలు, ఆరు మూలలు ఉండును. మన మెకానిక్కులు పానా అని పిలుచు స్పానరు ఆ ప్రక్కలకు బిగుతుగా అంటుకొన్నప్పుడే మన బలము నట్టును తిప్పును. సందు మిగిలినచో బలమంతయు రెండు మూలల మీదనే పడి వానిని చెక్కివేయును. స్క్రూ స్పానరు నోరు కదలునట్టిది. ఎంత బిగించినను కొంత సడలుట దాని స్వభావము. అందుచేత అది పైపుల పనికి పనికివచ్చును గాని, ఏండ్ల తరబడి బిగిసిన బోల్టులకు పనికిరాదు. నోరు తెరచియున్న సాధారణపు పానా రెండు ప్రక్కలను మాత్రమే పట్టును. రింగు పానా నట్టు చుట్టును ఆవరించి అన్ని మూలలకు బలమును పంచును. కావున బిగిసిన దానిని సడలించునప్పుడును, చివరి బిగింపు బిగించునప్పుడును రింగు పానాయే వాడవలెను. సడలిన తరువాత త్వరగా తిప్పుటకు నోటి పానా చాలును. లోతుగా నున్న నట్టులకు గొట్టము వంటి బాక్సు పానా కావలెను. ఈ మూడు విధముల భేదము తెలిసినచో సగము పని తెలిసినట్లే.

ఇక కొలతలు. ఇచ్చటనే పాత బండి కొన్నవారు ఎక్కువగా మోసపోవుదురు. నేను మేస్త్రి మాట విని, బజారునకు పోయి మంచి మిల్లీమీటరు పానాల జత ఒకటి కొని తెచ్చితిని. దానిలో 13 సంఖ్య గలది నా బండి నట్టునకు ఎక్కదు. 14 సంఖ్య గలది ఎక్కి వదులుగా ఆడును. నట్టులో లోపమనుకొంటిని. లోపము నట్టులో లేదు, చరిత్రలో ఉన్నది.

1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు అను ఇంజనీరు బోల్టుల మరలకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. అంతకుముందు ఒక కర్మాగారపు బోల్టు మరియొక కర్మాగారపు నట్టునకు సరిపడెడిది కాదు. బ్రిటిషు యంత్రములు చాలకాలము ఆ ప్రమాణమును, దాని నుండి పుట్టిన తక్కిన బ్రిటిషు ప్రమాణములను అనుసరించినవి. ఆ పద్ధతిలో పానాపై చెక్కిన సంఖ్య పానా నోటి వెడల్పును చెప్పదు. ఆ నట్టులో దూరు బోల్టు మందమును చెప్పును. కావున 1/4 అని వ్రాసిన విట్‌వర్తు పానా నోరు పావు అంగుళము కాదు. అది 0.525 అంగుళము, అనగా సుమారు 13.3 మిల్లీమీటర్లు. నా 13 ఎక్కకపోవుటకును, 14 ఆడుటకును కారణము ఇదియే. అట్లే 3/16 పానా నోరు సుమారు 11.3 మిల్లీమీటర్లు, 5/16 పానా నోరు సుమారు 15.2 మిల్లీమీటర్లు. వీనికి మెట్రిక్ పానాలలో దగ్గరివి ఉన్నవి గాని సరియైనవి లేవు. 3/8 పానా ఒక్కటి మాత్రము దాదాపు 18 మిల్లీమీటర్లకు సరిపోవును.

మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ 1955లో బుల్లెట్టులను కూర్ప నారంభించినప్పుడు వచ్చినది ఇంగ్లండు నమూనా. దానితోపాటు ఆ కొలతలును వచ్చినవి. మన దేశములో మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టము చేయబడినను, బుల్లెట్టు నట్టులలో పాత కొలతలు అటుపిమ్మట చాలకాలము నిలిచినవి. ఇంతటితో చిక్కు తీరలేదు. పాత బండిపై ఇరువది చేతులు పడియుండును. పోయిన బోల్టునకు బదులు దొరికిన బోల్టు వేసిన మేస్త్రులు ఎందరో ఉందురు. కావున ఒకే బండిపై ఒక ప్రక్క బ్రిటిషు నట్టు, వేరొక ప్రక్క మెట్రిక్ నట్టు ఉండుట వింత కాదు. దీనికి విరుద్ధముగా, 1985లో వచ్చిన హీరో హోండా సి.డి. 100 మొదలుగా జపాను నమూనాల ననుసరించి మన దేశమున తయారైన బండ్లకు మెట్రిక్ కొలతలే. వానికి 8, 10, 12, 14, 17, 19 సంఖ్యల పానాలు ఉన్నచో ఇంటి పనులలో చాలభాగము జరిగిపోవును.

అందుచేత పనిముట్లు కొనుటకు ముందు చేయవలసిన పని ఒకటి కలదు. మీ బండిని పెద్ద స్టాండుపై నిలిపి, మీరు చేయదలచిన పనులకు సంబంధించిన నట్టులను వరుసగా తుడిచి, ఎరువు తెచ్చిన పానాలతో ఒక్కొక్క దానికి ఏ కొలత సరిపోవునో చూచి, కాగితముపై వ్రాసికొనుడు. తిప్పవలదు, కేవలము ఎక్కించి చూడుడు. ఎక్కవలెను, ఆడరాదు. ఆ కాగితము తీసికొని బజారునకు పొండు. ఇట్లు చేసినవాడు ఆరేడు పానాలతో తృప్తిపడును. చేయనివాడు నూరు ముక్కల మెరుగు పెట్టె కొని, అందులో ఆరేడు మాత్రమే వాడుకొనును. పైగా ఆ మెరుగు పెట్టెలలో మెత్తని లోహముతో చేసినవి మెండు. క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేసినవి నాలుగు కొనుట మేలు. విజయవాడ ఆటోనగరులోను, సికిందరాబాదు రాణీగంజిలోను, అట్టి ఇతర బజారులలోను ఓపికతో వెదకినవారికి మంచి సరకు దొరకును. పాత విట్‌వర్తు పానాలు ఇనుప సామాను కొట్టులలో తూకమునకు అమ్ముచుండగా నేను కొన్నాను. తుప్పు తుడిచి చూడగా క్రొత్తవానికంటె గట్టివి.

పానా పట్టు విధమును గూర్చి ఒక మాట. వీలైనంతవరకు పానాను మన వైపునకు లాగవలెను గాని ఎదుటికి నెట్టరాదు. నెట్టునప్పుడు జారినచో వ్రేళ్ళ కణుపులు ఫిన్నుల మీద పడును. నా కుడిచేతిమీది మచ్చ దానికి సాక్ష్యము. పానా పిడికి గొట్టము తొడిగి పొడవు పెంచి బిగించు అలవాటు మంచిది కాదు. పానాలను వాని వాని బోల్టులకు తగిన పొడవుతోనే తయారుచేయుదురు. చిన్న బోల్టునకు పొట్టి పానా ఇచ్చుటలో అర్థమున్నది. మన బలము మితిమీరకుండుటకే ఆ పొట్టితనము. బిగిసిన బోల్టునకు కిరసనాయిలో, తుప్పు వదలించు నూనెయో పోసి రాత్రియంతయు విడిచిపెట్టుడు. తెల్లవారునప్పటికి అది మీ మాట వినును.

స్క్రూడ్రైవర్లు మూడు చాలును: వెడల్పు మొన గలది ఒకటి, సన్నని మొన గలది ఒకటి, కూడలి గుర్తు మొన గలది ఒకటి. మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చుండవలెను. స్క్రూడ్రైవరును ఉలిగాను, గునపముగాను వాడువారి ఇంట ఏ స్క్రూయు సరిగా నుండదు. కటింగు ప్లేయరు ఒకటి, ముక్కు సన్నముగా నున్న ప్లేయరు ఒకటి ఉంచుకొనుడు. వీనితో తీగెలు, క్లిప్పులు పట్టుకొనవచ్చును. నట్టులను మాత్రము పట్టరాదు.

తరువాత స్పార్కు ప్లగ్గు. దీనికి లోపల రబ్బరు గల బాక్సు పానా వేరుగా అమ్ముదురు. ప్లగ్గు విప్పి చూచుట నాడి పట్టి చూచుట వంటిది. మొన కాల్చిన బిస్కత్తు రంగున నున్నచో ఇంజను సుఖముగా నున్నది. పొడిమసి పట్టి నల్లగా నున్నచో పెట్రోలు పాలు హెచ్చినది, లేదా గాలి వడపోత మూసికొన్నది. తడిగా చమురు అంటియున్నచో లోపల నూనె కాలుచున్నది. అప్పుడు మేస్త్రి కడకు పోవలెను. ప్లగ్గును మరల బిగించునప్పుడు తొందర కూడదు. ఇంజను తల అల్యూమినియముతో చేయబడినది, ప్లగ్గు ఉక్కుది. మొదటి నాలుగు చుట్లు వ్రేళ్ళతోనే తిప్పవలెను. వ్రేళ్ళతో తిరుగకున్నచో మర అడ్డముగా పట్టినదని అర్థము. వెనుకకు తిప్పి మరల మొదలిడవలెను. పానాతో బలవంతము చేసినచో మెత్తని లోహపు మర తెగిపోవును. నూరు రూపాయల ప్లగ్గు కొరకు వేల రూపాయల తల చెడును.

ప్లగ్గు సందును, పాత బండ్లలో కాంటాక్టు పాయింట్ల సందును కొలుచుటకు ఫీలరు గేజి అను చిన్న సాధనమున్నది. విసనకర్ర రెక్కలవలె విచ్చుకొను సన్నని ఉక్కు రేకుల కట్ట అది. ప్రతి రేకుపైన దాని మందము వ్రాసియుండును. పాత బుల్లెట్టు పాయింట్ల సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటరు వరకు ఉండవలెను. కొందరు హాక్సా బ్లేడు ముక్కను దూర్చి సరిచూతురు. బ్లేడు మందము 0.6 మిల్లీమీటరునకు పైమాటే. అనగా ఉండవలసిన దానికి ఒకటిన్నర రెట్లు. కన్ను ఈ భేదమును కనిపెట్టలేదు. ఇంజను మాత్రము కనిపెట్టును. కిక్కు కొట్టి కొట్టి అలసిన మన కాలును కనిపెట్టును. ఎలక్ట్రానిక్ జ్వలనము గల బండ్లకు పాయింట్ల పనియే లేదు. అదే బుల్లెట్టులో టాపెట్లకు ఏ గేజియు అక్కరలేదు. ఇంజను చల్లారియున్నప్పుడు, పిస్టను పైకి వచ్చి వాల్వులు రెండును మూసియున్న స్థితిలో, పుష్ రాడ్డు వ్రేళ్ళతో సులభముగా గుండ్రముగా తిరుగవలెను; పైకి క్రిందికి మాత్రము ఆడరాదు. దీనికి కావలసినవి పలుచని పానాలు రెండు, ఓపిక ఒకటి.

నూనె మార్చుటకు పానా గాక వెడల్పైన పళ్ళెము, గరాటు, గుడ్డలు కావలెను. ఇంజను కొంచెము వెచ్చగా నున్నప్పుడు నూనె పలుచబడి మడ్డితో సహా దిగును. పాత నూనె చర్మమునకు మంచిది కాదు. చేతులు వెంటనే సబ్బుతో కడుగుకొనుడు. దానిని కాలువలోగాని, మురుగులోగాని, చెట్టు మొదటగాని పోయకుడు. డబ్బాలో నింపి, పాత నూనె సేకరించు గ్యారేజికి ఇయ్యుడు. నూనె పరిమాణము, రకము మీ బండి పుస్తకములో ఉన్నట్లే వాడుడు.

టైర్లకు గాలి కొలుచు గేజి ఒకటి సొంతముగా ఉండుట మేలు. గాలి కొలత బండి చల్లగా నున్నప్పుడు, ఉదయము బయలుదేరక ముందు చూడవలెను. టైరు లీవర్లు రెండు, అతుకులు, జిగురు, గరుకు కాగితము, చేతిపంపు ఉన్నచో పంక్చరు భయము సగము తగ్గును. విద్యుత్తు సంగతులకు ఖరీదైన సాధనములు వలదు. మీ బ్యాటరీ వోల్టులకు సరిపడు చిన్న బల్బునకు రెండు తీగెలు అతికించినచో పరీక్ష దీపము సిద్ధము. ఒక తీగెను బండి చట్రమునకు తాకించి, రెండవదానితో ఒక్కొక్క చోట తాకి చూచినచో కరెంటు ఎంతవరకు వచ్చుచున్నదో, ఎక్కడ ఆగినదో అదియే వెలిగి చెప్పును.

ఇంతవరకు చెప్పిన పనిముట్లన్నియు 1999 నాటికి నా యొద్ద ఉండెను. పెట్టెకు రంగు వేయించి, పానాలను వరుసగా అమర్చి, చూచినవారితో మెప్పు పొందుచుంటిని. ఆ ఏటనే నాకు అసలు పాఠము వచ్చినది.

అప్పుడు మేము అనపర్తిలో ఉంటిమి. మా అమ్మాయి ఇంటరు పరీక్షలు సామర్లకోటలో వ్రాయవలసి యుండెను. మునుపటి సాయంకాలము బండికి క్రొత్త చైను వేసితిని. పని శుభ్రముగానే చేసితిననుకొంటిని. అతుకు లంకె క్లిప్పు మూసిన కొన చైను పరుగెత్తు దిక్కునకు ఉండవలెనను నియమము పాటించితిని. వెనుక ఇరుసున నత్తగుల్ల ఆకారమున నుండు సర్దుబాటు బిళ్ళలను రెండు ప్రక్కల ఒకే గుర్తునకు తెచ్చి, చక్రము వంకర లేకుండ చూచితిని. చైను నడుమ క్రిందికి పైకి అంగుళము ఆట ఉంచితిని. ఇరుసు నట్టును రింగు పానాతో బిగించితిని. దీపాలవేళ అయినది. చేతులు కడుగుకొని లోనికి పోతిని.

మరునాడు ఉదయము కాలువ వెంబడి రోడ్డున బయలుదేరితిమి. బిక్కవోలు దాటిన పిమ్మట ఒక వంతెన మలుపులో గడ్డిబండి ఎదురైనది. వెనుక బ్రేకు త్రొక్కితిని. పెడలు అడుగంటినది, బండి ఆగలేదు. చైను పాతబడి సాగినకొలది మనము చక్రమును వెనుకకు జరుపుచుందుము. క్రొత్త చైను పొట్టిది గనుక, దానిని వేసినప్పుడు చక్రము మరల ముందుకు వచ్చును. చక్రము ముందుకు వచ్చినచో బ్రేకు కడ్డీ అంతమేర వదులగును. కడ్డీ చివరనున్న నట్టును తిప్పి ఆ వదులు తీయవలెను. నేను తీయలేదు. ముందు బ్రేకు ఒక్కటియే పట్టి చక్రము కంకరపై జారి, కాలువ గట్టున ఇద్దరమును పడితిమి. గడ్డిబండి తోలువాడు దిగి వచ్చి మమ్ము లేవనెత్తెను. అమ్మాయి ఎడమ మోచేయి గీచుకొనిపోయి నెత్తురు కారుచుండెను. వ్రాయు చేయి కాదు. అది మా అదృష్టము. అట్ట కాలువలో పడి కొట్టుకొనిపోయినది. ఆమె ఏడువలేదు. హాలు టిక్కెట్టు తడిసినదేమోయని మాత్రము చూచుకొన్నది.

ఆ కడ్డీ నట్టునకు ఏ పానాయు అక్కరలేదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు చాలును. అరనిముసపు పని. ఇంత పెట్టె, ఇన్ని పనిముట్లు ఉండియు, వ్రేళ్ళతో చేయవలసిన పని మరచిపోయి బిడ్డను కాలువ గట్టున పడవేసితినే అను బాధ నన్ను చాలదినములు విడువలేదు. ఆ రాత్రి ఇంట ఎవ్వరును నన్నొక మాట అనలేదు. అమ్మాయి మాత్రము చేతికట్టు సర్దుకొనుచు, "నాన్నగారూ, మాకు లెక్కల్లో చివర సరిచూడమని మీరే చెబుతారు కదా. బండికి కూడా ఒక నోటు పుస్తకం పెట్టండి. నేను చదువుతాను, మీరు చూడండి" అన్నది.

నాటినుండి మా పెట్టెలో ఒక నలుబది పేజీల నోటు పుస్తకము చేరినది. ఎడమ పేజీలో ప్రతి పని తరువాత సరిచూడవలసిన అంశములు. కుడి పేజీలో తేదీ, మైళ్ళు, చేసిన పని. చైను ముట్టుకొన్నచో - ఇరుసు నట్టు, బ్రేకు కడ్డీ, పెడలు ఆట, బ్రేకు దీపము. నూనె ముట్టుకొన్నచో - బిరడా, వాషరు, కారుచున్నదా లేదా. ప్లగ్గు ముట్టుకొన్నచో - బిగింపు, టోపీ. చక్రము విప్పినచో - అన్నియు. అమ్మాయి కాపురమునకు వెళ్ళువరకు ఆమె పీటపై కూర్చుండి చదివినది, నేను వ్రేలితో తాకి "సరి" అన్నాను. చూచి "సరి" అనుట వేరు, తాకి "సరి" అనుట వేరు. ఆఖరున వీధిలో ఏబది గజములు నెమ్మదిగా నడిపి, రెండు బ్రేకులును పట్టి చూచిన తరువాతనే పని ముగిసినట్లు.

ఇక కొన్ని హెచ్చరికలు. బండిని చదునైన గట్టి నేలమీద పెద్ద స్టాండుపై నిలుపుడు. పెట్రోలు పని జరుగుచుండగా దీపము, అగ్గిపుల్ల, చుట్ట దాపునకు రానీయకుడు. బ్యాటరీ విప్పునప్పుడు ఋణధ్రువపు తీగెను ముందుగా తీయుడు. ఇంజను నడుచుచుండగా గుడ్డతో చైను తుడుచుట మహాపరాధము. చక్రము తనంతట తిరుగును, పని సులువని తోచును. గుడ్డతోపాటు వ్రేళ్ళును స్ప్రాకెట్టులోనికి పోవును. ఇంజను ఆపి, చక్రమును చేతితో తిప్పుచు తుడువవలెను. పిల్లలు సహాయమునకు వచ్చినచో పుస్తకము చదివింపుడు. చైను దగ్గరకు రానీయకుడు.

మనము చేయరాని పనులును కలవు. ఇంజను లోపలి భాగములు, క్లచ్చి పలకలు, చక్రపు చువ్వల సర్దుబాటు, హాండిలు బేరింగులు - ఇవి మేస్త్రి పనులు. వీనికి కావలసినది పనిముట్టు మాత్రమే కాదు, వేల బండ్లు చూచిన చేయి. ఇంటివద్ద పని నేర్చుకొన్నంత మాత్రమున మేస్త్రితో తెగతెంపులు చేసికొనవలదు. పైగా మన నోటు పుస్తకము చూచి ఆయన రోగమును త్వరగా కనిపెట్టును. మా చింతచెట్టు మేస్త్రి నా పుస్తకము తిరగవేసి, "ఇట్టా రాసేవాళ్ళు పదిమందుంటే నాకు సగం పని తగ్గుద్ది మాస్టారూ" అని నవ్వెను. తగ్గినది తక్కువ పనియే. ఎక్కువ పని, మంచి పని, ఆయనకే మిగిలినది.

కావున పాత మోటారు సైకిలు కొన్న శ్రోతలకు నా మనవి ఇది. బండి కొన్న సొమ్ములో కొద్దిపాటి భాగము పనిముట్లకై వేరుగా ఉంచుడు. మొదట కొలతలు వ్రాసికొనుడు. సరిపోవు రింగు పానాలు, నోటి పానాలు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవర్లు మూడు, ప్లేయర్లు రెండు, ఫీలరు గేజి, గాలి గేజి, టైరు లీవర్లు, పంపు, పరీక్ష దీపము, గరాటు, పళ్ళెము - ఇవి ఒక చిన్న ఇనుప పెట్టెలో ఇముడును. వానిపైన ఒక నోటు పుస్తకము, దారము కట్టిన పెన్సిలు ఉంచుడు. పెట్టె తెరచినప్పుడు మొదట చేతికి తగులవలసినది ఆ పుస్తకమే. పెట్టె మూయునప్పుడు చివర చేతిలో నుండవలసినదియు అదే.